సుంకి ఘాట్ నుంచి జయపురం దాకా: ఒకేలా కనిపించే రెండు చార్నకైట్ల వయసులు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్ మీదుగా జయపురం దిగే 26వ నంబరు జాతీయ రహదారి తూర్పు కనుమల శిలలను దాదాపు అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఈ కొండల్లో శిలల వరుసలు స్థూలంగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. వాటికి అడ్డంగా పోయే రోడ్డు కాబట్టి ఒక్క పగటి ప్రయాణంలోనే ఖోండలైటు (పాత బురద, ఇసుక మారి ఏర్పడిన శిల), చార్నకైటు (హైపర్‌స్థీన్ ఖనిజమున్న గ్రానైటు లాంటి శిల), ఆ రెండూ కరిగి కలిసిన మిగ్మటైటు, కోరాపుట్ దగ్గర నెఫెలిన్ సయనైటు అనే క్షార శిల, జయపురం వైపు మళ్లీ చార్నకైటు ఎదురవుతాయి. ఈ కేసు ఆ దారికి రెండు చివర్లలో ఉన్న చార్నకైట్ల గురించి.

తూర్పు చివర పొట్టంగి వైపు కంకర క్వారీలోని రాయినీ, పడమటి చివర జయపురం అవతలి క్వారీలోని రాయినీ పక్కపక్కన పెడితే అనుభవమున్న కన్ను కూడా తడబడుతుంది. రెండింటికీ పగలగొట్టిన ముఖం మీద నూనె రాసినట్టుండే ముదురు ఆకుపచ్చ, బూడిద రంగుల మెరుపు ఉంటుంది. రెండింటిలోనూ క్వార్ట్జ్ కొంచెం నీలంగా కనిపిస్తుంది, హైపర్‌స్థీన్ గోధుమ రంగు గింజలుగా ఉంటుంది. పొట్టంగి వైపు క్వారీలో పనిచేసే సాలూరు మేస్త్రి మా సంచులు చూసి, "ఆ రాయికీ ఈ రాయికీ తేడా ఏటుంది బాబూ, రెండూ నల్లరాయే కదా, రెండూ డ్రిల్లు బిట్టుని ఒకేలాగ తినేస్తాయి" అన్నాడు. క్వారీ పనికి సంబంధించినంత వరకు ఆ మాట పూర్తిగా నిజం. భూవిజ్ఞాన పటాల్లో సైతం ఆ రెండింటికీ చాలాకాలం ఒకే రంగు వేశారు.

మా ప్రశ్న వేరు. ఈ రెండూ ఒకే శిలారాశికి చెందిన భాగాలా, లేక వేర్వేరు చరిత్రలున్న రెండు భూఖండపు ముక్కలు ఏదో కాలంలో ఢీకొని పక్కపక్కకు చేరాయా? తూర్పు కనుమల మీద ఇప్పటికే జరిగిన పరిశోధన రెండో సమాధానం వైపు మొగ్గుతుంది. జయపురం ప్రాంతపు శిలలను ఒక విభాగంగానూ, వాటికి తూర్పున విశాఖపట్నం, రాయగడ, బరంపురం దాకా వ్యాపించిన శిలలను మరో విభాగంగానూ, రెండింటి మధ్య సీలేరు షియర్ జోన్‌ను (శిలలు ఒకదాని పక్కగా ఒకటి జరిగి నలిగిన పట్టీని) హద్దుగానూ చెబుతారు. ప్రాంతీయ స్థాయిలో ఈ విభజన స్పష్టంగానే ఉంది. కానీ లక్షా ఇరవై అయిదు వేల మీటర్లను ఒక మీటరుగా కుదించే పెద్ద పటం మీద గీసిన గీత, యాభై వేల స్థాయి పటం మీద ఏ వాగుకు ఇవతల, ఏ గుట్టకు అవతల పడుతుందో తేల్చాలంటే ఈ రోడ్డు వెంట నమూనాలు తీసి వయసు కట్టడం తప్ప మార్గం లేదు.

క్షేత్రంలో తీసుకున్నవి

నమూనా ఎంపిక మీద నేను మామూలు కంటే ఎక్కువ సమయం పెట్టించాను, ఎందుకంటే ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా క్వారీలో తప్పు రాయి సంచిలో పడితే ఆ తప్పును సరిదిద్దగల యంత్రం ఏదీ లేదు. చార్నకైటు పైభాగం తుప్పు రంగు పొరగా మారి ఉంటుంది. ఆ పొరలో నీరు తిరిగి ఉంటుంది కాబట్టి రుబీడియం, స్ట్రాన్షియం అటూ ఇటూ కదిలిపోయి ఉంటాయి. అందుకే కొత్తగా బ్లాస్టింగ్ చేసిన ముఖం నుంచే, తెల్ల ఫెల్డ్‌స్పార్ సిరలు గానీ మాగ్మా దూరిన చారలు గానీ లేని చోట, ఒక్కో చోటా పదిహేను కిలోల దాకా రాయి తీసుకున్నాం. అదే బండ నుంచి పలచని కోతకు (సూక్ష్మదర్శినిలో చూడటానికి పలచగా కోసిన రాతి పలకకు) ఒక చిన్న ముక్క, అవసరమైతే మళ్లీ మొదలు పెట్టడానికి మరో ముక్క విడిగా కట్టి పెట్టాం. చివరికి ఆ రెండో ముక్కే ఒక చిక్కు నుంచి బయటపడేసింది, ఆ సంగతి కింద వస్తుంది.

చార్నకైట్లతో పాటు తూర్పు వైపున ఖోండలైటు కూడా తీశాం. ఖోండలైటు ఒకప్పటి సముద్రపు బురద, ఇసుక. అది లోతుకు పోయి, 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గార్నెట్, సిల్లిమనైటు, గ్రాఫైటు ఉన్న శిలగా మారింది. దామన్‌జోడి దగ్గర పంచపట్మాలి కొండ మీది బాక్సైటుకు మూలం ఈ ఖోండలైటే. మా కేసుకు అది పనికొచ్చేది మరో కారణంగా: అందులో వయసు కట్టడానికి వీలైన మోనజైటు అనే థోరియం ఖనిజం ఉంటుంది.

మొదట వచ్చిన అందమైన గీత

పాత పద్ధతిలో మొదలు పెట్టాం. మొత్తం రాయిని పొడి చేసి, అందులోని రుబీడియం, స్ట్రాన్షియం ఐసోటోపులను కొలిచి గీత గీయడం. రుబీడియం-87 చాలా నెమ్మదిగా, 4,960 కోట్ల సంవత్సరాల అర్ధజీవితకాలంతో స్ట్రాన్షియం-87గా మారుతుంది. ఒకే మాగ్మా నుంచి ఒకేసారి పుట్టిన రాళ్లలో రుబీడియం ఎక్కువున్నదాంట్లో స్ట్రాన్షియం-87 ఎక్కువ పెరుగుతుంది, తక్కువున్నదాంట్లో తక్కువ పెరుగుతుంది. కాబట్టి వాటి బిందువులన్నీ ఒక సరళరేఖ మీద పడాలి, ఆ రేఖ వాలు నుంచి వయసు వస్తుంది. ఆ రేఖనే ఐసోక్రాన్ అంటారు.

రెండు చివర్ల చార్నకైట్లనూ కలిపి ఒకే గ్రాఫు మీద వేయమని నాతో పనిచేసే విద్యార్థిని అడిగాను. గీత చక్కగా వచ్చింది. వాలు నుంచి లెక్క కడితే 160 కోట్ల సంవత్సరాలకు దగ్గరగా తేలింది, గీత నిలువు అక్షాన్ని తాకిన చోటు, అంటే రాళ్లు పుట్టినప్పటి స్ట్రాన్షియం నిష్పత్తి, కూడా నమ్మదగ్గ విలువే చూపింది. ఆ అంకె నోరూరించేది ఎందుకంటే, ఇదే తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ఒంగోలు వైపు శిలల్లో, దాదాపు 160 కోట్ల ఏళ్ల నాటి రూపాంతరం నిజంగానే ఉంది. ఆ సంఘటన కోరాపుట్ దాకా విస్తరించిందని ఒక వాక్యం రాసేస్తే వ్యాసం పూర్తయిపోతుంది.

"సార్, ఇంత బాగా కుదిరింది కదా, ఇంకా జిర్కాన్ ఎందుకు?" అని అతను అడిగాడు. రెండు గుంపుల బిందువులకూ వేర్వేరు రంగులు వేసి చూడమన్నాను. అప్పుడు గీత కథ బయటపడింది. పడమటి రాళ్లలో రుబీడియం చాలా తక్కువ, కనుక వాటి బిందువులన్నీ ఎడమవైపు కింద ఒక చిన్న గుంపుగా చేరాయి. తూర్పు రాళ్లు గ్రానైటుకు దగ్గరి స్వభావం కలవి, రుబీడియం ఎక్కువ, అవి కుడివైపు పైన మరో గుంపుగా ఉన్నాయి. ఏ గుంపుకు ఆ గుంపును విడిగా చూస్తే సరళరేఖ లేదు. రెండు గుంపుల మధ్య ఖాళీని దాటుతూ గీసిన రేఖే అంత తిన్నగా కనిపించింది. రెండు బిందువుల గుండా ఎప్పుడైనా ఒక గీత పోతుంది, రెండు గుంపుల గుండా కూడా అంతే. ఆ గీత దేని వయసూ చెప్పదు.

దీనికి తోడు గ్రాన్యులైట్ స్థాయి రూపాంతరంలో (భూమి లోతుల్లో చాలా ఎక్కువ వేడికి శిల మారినప్పుడు) రాయి నుంచి రుబీడియం వెళ్లిపోవడం మామూలే. అలా పోయాక మిగిలిన నిష్పత్తులు మూల శిల పుట్టుకను గానీ రూపాంతర కాలాన్ని గానీ నికరంగా చెప్పవు. ఈ పద్ధతి పనికిరానిదని కాదు. కరగని, మారని గ్రానైటులో అది ఇప్పటికీ గట్టి పద్ధతే. కానీ గ్రాన్యులైట్ ప్రాంతంలో, అదీ రెండు వేర్వేరు చోట్ల రాళ్లను కలిపి వేసిన ఐసోక్రాన్‌ను చూస్తే, గీత ఎంత అందంగా ఉంటే అంత అనుమానించాలన్నది నా పద్ధతి.

జిర్కాన్ దగ్గరికి

జిర్కాన్ రాళ్లలో చిన్న గింజలుగా ఉండే ఖనిజం. దాని స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి అందులో ఇప్పుడు కనిపించే సీసం ఇంచుమించు అంతా ఆ యురేనియం నుంచి పుట్టిందే. పైగా రెండు గడియారాలు ఒకే స్ఫటికంలో నడుస్తాయి: 446.8 కోట్ల సంవత్సరాల అర్ధజీవితకాలంతో యురేనియం-238 నుంచి సీసం-206, 70.4 కోట్ల సంవత్సరాల అర్ధజీవితకాలంతో యురేనియం-235 నుంచి సీసం-207. రెండూ ఒకే వయసు చెబితే ఆ స్ఫటికం నుంచి సీసం బయటికి పోలేదని అర్థం. రెండూ విభేదిస్తే ఏదో కాలంలో కొంత సీసం కోల్పోయిందని అర్థం. తప్పు చెబుతున్న గడియారం తాను తప్పు చెబుతున్నానని కూడా చెప్పడం ఇతర పద్ధతుల్లో అరుదు.

ఈ కేసులో అంకెలు ఎంత దూరంగా ఉంటాయో చెప్పడానికి ఒక లెక్క ఇస్తాను. 280 కోట్ల ఏళ్ల కింద ఏర్పడి సీసం పోగొట్టుకోని జిర్కాన్‌లో నేడు సీసం-206కు యురేనియం-238తో ఉండే నిష్పత్తి 0.544, సీసం-207కు సీసం-206తో ఉండే నిష్పత్తి 0.197. అదే 95 కోట్ల ఏళ్ల నాటిదైతే ఆ రెండూ 0.159, 0.071. ఇంత తేడా ఉన్న చోట యంత్రపు సున్నితత్వం సమస్య కాదు, ఏ గింజలో ఏ భాగాన్ని కొలుస్తున్నామన్నదే సమస్య.

రాయి నుంచి జిర్కాన్ తీయడం ఓపిక పని. జా క్రషర్‌లో పగలగొట్టి, డిస్క్ మిల్లులో పొడి చేసి, జల్లించి, నీళ్లు పారే వాలు బల్ల మీద తేలిక ఖనిజాలను కొట్టుకుపోనిచ్చి, మిగిలిన బరువైన పొడిలోంచి అయస్కాంత విభాజకంతో గార్నెట్, హైపర్‌స్థీన్, ఇల్మనైటును తీసేసి, చివరికి మిథిలీన్ అయోడైడ్ ద్రవంలో వేస్తే, దాని సాంద్రత దాదాపు 3.3 కాబట్టి, 4.6 సాంద్రత ఉన్న జిర్కాన్ అడుక్కు దిగుతుంది. పదిహేను కిలోల రాయి ఇలా చిటికెడు పొడిగా మిగులుతుంది. నమూనా మారినప్పుడల్లా క్రషర్‌ను విప్పి తోమి, శుద్ధమైన క్వార్ట్జ్ ముక్కలు వేసి తిప్పి, ఆ పొడిని పారబోయాలి. ముందు నమూనా గింజ ఒక్కటి దవడల మధ్య నిలిచినా, తర్వాతి నమూనాకు లేని చరిత్ర అంటుకుంటుంది.

సూక్ష్మదర్శిని కింద సూదితో గింజలు ఏరేటప్పుడే రెండు నమూనాల మధ్య మొదటి తేడా కనిపించింది. తూర్పు రాయిలో కొన్ని గింజలు పొడవుగా, పట్టక ఆకారంలో ఉన్నా, చాలా గింజలు చిన్నచిన్న ముఖాలు ఎన్నో ఏర్పడి దాదాపు గుండ్రంగా, లేత గులాబీ రంగులో, లోపల మచ్చ లేకుండా ఉన్నాయి. గ్రాన్యులైట్ వేడిలో పెరిగిన జిర్కాన్ తరచుగా ఇలాగే ఉంటుంది. పడమటి రాయిలో గింజలు పెద్దవి, గోధుమ రంగువి, కొన్ని పగుళ్లతో మసకగా ఉన్నాయి. యురేనియం ఎక్కువున్న పాత జిర్కాన్ తన వికిరణంతో తన స్ఫటిక నిర్మాణాన్నే చెడగొట్టుకున్నప్పుడు ఆ మసక వస్తుంది. గింజలో ఒక చుక్కను ఆవిరి చేసి ఐసోటోపులు కొలవడానికి వాడే లేజరుతో అలాంటి భాగాలను తాకకూడదు.

గింజలను ఎపాక్సీ జిగురులో పోసి, సగం దాకా అరగదీసి నునుపు చేసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కాథోడోల్యూమినిసెన్స్ (ఎలక్ట్రాన్లు తాకినప్పుడు ఖనిజం వెలువరించే వెలుగు) చిత్రాలు తీశాం. మామూలు వెలుతురులో ఒకే ముక్కగా కనిపించే గింజ ఆ చిత్రంలో పొరలు పొరలుగా విడిపోతుంది. మధ్యలో మాగ్మా నుంచి పెరిగినప్పటి సన్నని వరుస గీతలు, ఆ గీతలను అడ్డంగా కోస్తూ బయట మరో పొర, ఆ పొరలో గీతలేమీ ఉండవు. లోపలి భాగం ఒక సంఘటనను, బయటి పొర మరో సంఘటనను నమోదు చేసుకున్నాయి. ఈ చిత్రం చూడకుండా లేజరు పేలిస్తే బిందువు సగం లోపల, సగం బయట పడి, ఎన్నడూ జరగని సంఘటనకు వయసు కట్టినట్టవుతుంది.

లేజరు చుక్క వెడల్పు 25 నుంచి 30 మైక్రాన్లు. ప్రతి కొన్ని కొలతల మధ్యా వయసు ముందే తెలిసిన ప్రామాణిక జిర్కాన్లను కొలిచాం: కెనడాలోని అంటారియో నుంచి వచ్చిన, 106.5 కోట్ల ఏళ్ల నాటి '91500' జిర్కాన్, చెక్ దేశపు 33.7 కోట్ల ఏళ్ల ప్లెషోవిట్సె జిర్కాన్. ఒకదాన్ని సరిచూపుకు వాడి, రెండోదాన్ని తెలియనిదానిగా భావించి కొలిచి, దాని వయసు సరిగ్గా వస్తేనే మా అంకెలను లెక్కలోకి తీసుకున్నాం.

ఏం తేలింది

తూర్పు చార్నకైటులో గీతలున్న లోపలి భాగాలూ, గీతల్లేని అంచులూ చాలావరకు 95 నుంచి 98 కోట్ల సంవత్సరాల మధ్యనే పడ్డాయి. అంటే ఆ రాయి పుట్టిన మాగ్మా ఆ ప్రాంతమంతా తీవ్రమైన వేడిలో ఉన్న కాలంలోనే చొచ్చుకొచ్చింది, గట్టిపడ్డ కొద్ది కాలానికే అదే వేడిలో మళ్లీ రూపాంతరం చెందింది. రెండు ఘటనల మధ్య ఎడాన్ని లేజరు పద్ధతిలోని అనిశ్చితి దాటి విడదీయలేం, విడదీసినట్టు రాయనూ లేదు. కొన్ని గింజల నట్టనడుమ మాత్రం ఇంకా పాత అవశేషాలు దొరికాయి. అవి ఆ మాగ్మా కరిగించుకున్న పాత పొరల నుంచి మిగిలినవి.

పడమటి చార్నకైటు పూర్తిగా వేరే కథ చెప్పింది. లోపలి భాగాలు 270 నుంచి 300 కోట్ల ఏళ్ల మధ్య, అంచులు ఆర్కియన్ యుగం ముగిసే కాలానికి, అంటే 250 కోట్ల ఏళ్ల పరిసరాలకు దగ్గరగా వచ్చాయి. సీసం కొంత కోల్పోయిన గింజలు కన్‌కార్డియా వక్రరేఖ (రెండు గడియారాలూ ఒకే వయసు చెప్పే బిందువుల రేఖ) నుంచి పక్కకు జారి ఒక వాలు గీత మీద పడ్డాయి. సీసం పోయిన కాలాన్ని సూచించే చోటు, అంటే ఆ గీత కింద వక్రరేఖను కలిసిన చోటు, 50–55 కోట్ల ఏళ్ల దగ్గర ఉంది. ఆ కాలంలో గోండ్వానా ఖండం కూడుతున్నప్పుడు తూర్పు కనుమల్లో పలుచోట్ల వేడి, ద్రవాల కదలిక మళ్లీ కలిగిందని ఇతర ఖనిజాల నుంచి ముందే తెలుసు. పడమటి జిర్కాన్లలో 95 కోట్ల ఏళ్ల నాటి తీవ్ర రూపాంతరపు పొర లేదు.

థోరియం, యురేనియం నిష్పత్తి గురించి ఒక మాట. అది 0.1 కంటే తక్కువుంటే రూపాంతర జిర్కాన్ అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది చూసి అంచులను గుర్తించవచ్చని కొందరు ఆశపడతారు. గ్రాన్యులైట్ వేడిలో పెరిగిన జిర్కాన్‌లో ఆ నిష్పత్తి చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది. మా తూర్పు గింజల అంచులు అందుకు మంచి ఉదాహరణ. చిత్రాన్ని నమ్మండి, నిష్పత్తిని దానికి తోడుగా మాత్రమే చూడండి.

చిక్కు ఒకటే వచ్చింది. పడమటి నమూనాలో ఒకే ఒక్క గింజ అంచు 95 కోట్ల దగ్గర వయసు ఇచ్చింది. అది నిజమైతే పడమటి ముక్క కూడా ఆ సంఘటనను కొంచెమైనా చూసిందని అర్థం, అప్పుడు మొత్తం వాదన మారుతుంది. క్రషర్‌లో పడమటి నమూనానే ముందు వేశాం కాబట్టి తూర్పు రాయి నుంచి గింజ వచ్చే అవకాశం తక్కువ. కానీ ప్రయోగశాలలో అదే క్రషర్ మీద మరెవరో మరో చోటి రాయిని పొడి చేసి ఉండవచ్చు. అప్పుడే విడిగా కట్టి పెట్టిన ముక్క అక్కరకొచ్చింది. ఈసారి రాయిని పొడి చేయలేదు. పలచని కోతల్లోనే, ఫెల్డ్‌స్పార్ మధ్య, హైపర్‌స్థీన్ అంచుల దగ్గర జిర్కాన్ ఎక్కడుందో అక్కడే చిత్రం తీసి లేజరుతో కొలిచాం. ఆ వయసు మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఆ గింజను పట్టికలో ఉంచాం, వ్యాఖ్యానంలోకి తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదో పట్టిక కిందే రాశాం. అనుకూలంగా లేదని అంకెను తుడిచేస్తే, రేపు అదే క్వారీలో మరొకరికి అలాంటి గింజే దొరికినప్పుడు దాన్ని పోల్చడానికి ఏమీ ఉండదు.

ఖోండలైటులోని మోనజైటు ఈ కాలక్రమానికి మరో మెట్టు చేర్చింది. మోనజైటులో థోరియం ఎంత ఎక్కువుంటుందంటే, ఐసోటోపులను విడదీయకుండానే ఎలక్ట్రాన్ ప్రోబ్‌తో థోరియం, యురేనియం, మొత్తం సీసం కొలిచి వయసు కట్టవచ్చు. అదీ పలచని కోతలో, గింజ ఉన్న చోటనే. గార్నెట్ లోపల చిక్కుకున్న మోనజైటు 95 కోట్ల పరిసరాలకు చెందింది. గార్నెట్ బయట, బయొటైటు పక్కన ఉన్న మోనజైటు గింజల చుట్టూ అక్కడక్కడా 50–55 కోట్ల ఏళ్ల సన్నని అంచు ఉంది. గార్నెట్ కవచంలా నిలిచి లోపలి గింజను తర్వాతి ద్రవాల నుంచి కాపాడింది. ఏ ఖనిజం ఎంత వేడి దాకా తన గడియారాన్ని నిలుపుకుంటుందన్నది ఇక్కడ ముఖ్యం. జిర్కాన్ 900 డిగ్రీల్లో కూడా సీసాన్ని దాదాపు వదలదు, హార్న్‌బ్లెండ్‌లో పొటాషియం నుంచి పుట్టే ఆర్గాన్ సుమారు 500 డిగ్రీల దాకా, బయొటైటులో సుమారు 300 డిగ్రీల దాకా మాత్రమే నిలుస్తుంది. అంతకంటే వేడెక్కితే మూత సరిగా పడని కుండలో ఆవిరిలాగ బయటికి పోతుంది. కాబట్టి బయొటైటు చెప్పే వయసు రాయి పుట్టిన తేదీ కాదు, ఆ రాయి 300 డిగ్రీల కిందికి చల్లబడిన తేదీ. ఒకే రాయికి మూడు ఖనిజాలు మూడు వయసులు చెప్పినప్పుడు వాటిలో ఏది సరైనదని అడగకూడదు, ఏది ఏ ఘటనకు చెందినదని అడగాలి.

నియోడిమియం చెప్పిన ముందు కథ

జిర్కాన్ మాగ్మా గట్టిపడిన కాలం చెబుతుంది. ఆ మాగ్మా ఏ పదార్థం కరగడం వల్ల వచ్చిందో చెప్పడానికి సమేరియం, నియోడిమియం ఐసోటోపులు అక్కరకొస్తాయి. సమేరియం-147 అర్ధజీవితకాలం 10,600 కోట్ల సంవత్సరాలు. భూపటలం కిందున్న మాంటిల్ పొర నుంచి భూపటలం విడిపోయినప్పుడు ఈ రెండు మూలకాల నిష్పత్తి గట్టిగా మారుతుంది, ఆ తర్వాత భూపటలం లోపల కరిగినా, రూపాంతరం చెందినా అంతగా మారదు. అందువల్ల రాయిని కాలంలో వెనక్కు నడిపించి, దాని నియోడిమియం మాంటిల్‌తో ఎప్పుడు కలుస్తుందో చూస్తే, ఆ పదార్థం మాంటిల్ నుంచి మొదట బయటపడిన కాలం అంచనాకు వస్తుంది. ఉదాహరణకు సమేరియం-147కు నియోడిమియం-144తో నిష్పత్తి 0.10 ఉన్న రాయిలో, నేటి నియోడిమియం-143కు నియోడిమియం-144తో నిష్పత్తి 0.51075 ఉంటే మాంటిల్ నుంచి బయటపడిన ఆ వయసు దాదాపు 320 కోట్ల సంవత్సరాలు అవుతుంది, 0.5115 ఉంటే దాదాపు 220 కోట్ల సంవత్సరాలు అవుతుంది. నాలుగో దశాంశ స్థానంలోని తేడా వంద కోట్ల ఏళ్లుగా తేలుతుంది కాబట్టే ఈ కొలతకు థర్మల్ అయనీకరణ మాస్ స్పెక్ట్రోమీటరు, దుమ్ము లేని గది కావాలి.

పడమటి రాయి 300 కోట్ల ఏళ్లు దాటిన విలువలు ఇచ్చింది. జిర్కాన్ లోపలి భాగాలతో అది పొసగుతుంది, ఆ పటలం తయారైన కొంత కాలానికే అందులోంచి ఈ మాగ్మా కరిగింది. తూర్పు రాయి 200 కోట్లు దాటిన విలువలు ఇచ్చింది. జిర్కాన్ ప్రకారం అది 95–98 కోట్ల నాటిదే. అంటే ఆ మాగ్మా కొత్తగా మాంటిల్ నుంచి రాలేదు, అప్పటికే వంద కోట్ల ఏళ్లకు పైగా పాతబడిన పటలం మళ్లీ కరిగి పుట్టింది. మొదట్లో రుబీడియం గీత మోసం చేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: పాత పటలం నుంచి వచ్చినందువల్ల తూర్పు రాయి పుట్టినప్పుడే దాంట్లో స్ట్రాన్షియం-87 ఎక్కువగా ఉంది, ఆ ఎక్కువను గీత వయసుగా చూపింది.

ఇప్పుడు రెండు ముక్కల చరిత్రనూ పక్కపక్కన పెట్టవచ్చు. జయపురం వైపు శిల ఆర్కియన్ కాలంలోనే గట్టిపడి, రూపాంతరం చెంది, బస్తర్ క్రేటాన్ (చాలా పాత, స్థిరమైన భూఖండపు ముక్క) అంచుకు చెందిన పాత పునాదిగా నిలిచింది. సుంకి, పొట్టంగి వైపు శిలలు 95 కోట్ల ఏళ్ల కిందటి ఢీకొనడంలో, రొడీనియా మహాఖండం కూడుతున్నప్పుడు, 900 డిగ్రీలు దాటిన వేడికి గురయ్యాయి. అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంలో సరిగ్గా ఇలాంటి శిలలే, ఇలాంటి వయసులే ఉన్నాయి. భారత్, అంటార్కిటికా దాదాపు 13 కోట్ల ఏళ్ల కింద విడిపోయే దాకా ఈ కొండలూ, అవీ ఒకే పర్వత వ్యవస్థలో రెండు వైపులు. మహానది గోండ్వానా లోయకు ఎదుటి భాగం అక్కడ లాంబర్ట్ హిమానీనదం కింద ఉంది.

పటం మీద గీత

రోడ్డు వెంట తూర్పు నుంచి పడమటికి నమూనాలు దగ్గర చేసుకుంటూ వచ్చేసరికి మార్పు కోరాపుట్ పీఠభూమి అంచుకూ, జయపురం మైదానానికీ మధ్య పట్టీలో పడింది. అక్కడి శిలల్లో గింజలు నలిగి, సాగి, సన్నని చారలుగా మారి ఉన్నాయి. కోరాపుట్ దగ్గరి నెఫెలిన్ సయనైటు కూడా ఈ షియర్ మండలంలోనే ఉంది. క్షార శిలలు భూపటలం చీలే చోట్ల వస్తాయన్న సంగతితో అది పొసగుతుంది. కానీ ఆ పట్టీలో చాలాభాగం వరి మళ్ల కిందా, ఎర్రమట్టి కిందా ఉంది. శిల కనిపించే చోట గట్టి గీత, కనిపించని చోట తెగిన గీత వేశాం. తెగిన గీత మధ్య భాగం ఇంకొంచెం పడమటికి జరగవచ్చని నా అభిప్రాయం. చారలు సాగిన దిశ ఆ వైపే చూపుతోంది.

ఈ గీతను పరీక్షించడానికి కొండ మీదే ఉండనక్కర్లేదు, నదులు చేసిపెట్టిన పని వాడుకోవచ్చు. నాగావళి, వంశధార నదులు తూర్పు విభాగం మీదుగా పారి శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. ఈ తీరపు ఇసుకలోకి చేరే జిర్కాన్, మోనజైటు తూర్పు కనుమల శిలల నుంచే వస్తాయి. గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఐఆర్‌ఈఎల్ సంస్థ ఇసుక నుంచి వేరు చేసే మోనజైటు మూలం కూడా ఈ కొండలే. కొలాబ్ మాత్రం తూర్పు విభాగపు కొండల్లో పుట్టి, పడమటి విభాగాన్ని దాటి, శబరిగా మారి గోదావరిలో కలుస్తుంది. మా గీత సరైనదైతే వంశధార ఇసుకలోని జిర్కాన్ అంచులు 95 కోట్ల దగ్గర ఒకే గుంపుగా పడాలి. కొలాబ్ ఇసుకలో పై భాగంలో అదే గుంపు, జయపురం దాటాక దానికి తోడు ఆర్కియన్ గుంపు కనిపించాలి. గింజల లోపలి భాగాలతో పోల్చడం కుదరదు, తూర్పు గింజల్లోనూ పాత అవశేషాలు ఉన్నాయి కదా. అంచులనే కొలవాలి.

ఇందులో ఆచరణలో ఒక అడ్డంకి ఉంది. ఎగువ కొలాబ్ ఆనకట్ట పైనుంచి వచ్చే ఇసుకను జలాశయంలోనే ఆపేస్తుంది. ఆనకట్ట దిగువన నదిగర్భంలో ఇప్పుడు దొరికే ఇసుకలో పడమటి శిలల వాటా అసలు ఉండవలసినదాని కంటే ఎక్కువగా ఉంటుంది. అది మా వాదనకు అనుకూలమైన ఫలితాన్నే ఇస్తుంది కానీ తప్పు కారణంగా ఇస్తుంది. కాబట్టి నమూనా నదిగర్భం నుంచి కాకుండా, ఒడ్డున ఆనకట్ట కంటే ముందు కాలపు ఒండ్రు పొరలు కోతకు గురై బయటపడిన చోట, పై మట్టిని తీసేసి లోపలి ఇసుక పొర నుంచి తీసుకోవాలని నిర్ణయించాం.